పొగత్త, పళ్ళచేప, నీళ్ళ తొట్టె

మా మేనత్తను ఊరంతా పొగత్త అంటారు. సరస్సు ఒడ్డున ఆమెకో పొగగది ఉంది. ఇటుక గోడలు, రేకు తలుపు, లోపల దూలానికి వరసగా ఇనప కొక్కేలు. వేలెడంత వెండిచేపల్ని దండగుచ్చి ఆ కొక్కేలకు తగిలించి, చెక్కపొట్టు పొగలో ఆరబెట్టి అమ్మేది. ఆమె పక్కన కాసేపు కూర్చుంటే మన బట్టలకూ ఆ వాసన పట్టేది. నాకు ఆ వాసనంటే ప్రాణం.

ఎవరో మహానుభావుడు ఇంట్లో గాజుతొట్టెలో పెంచుకున్న, రంపం లాంటి పళ్ళుండే పళ్ళచేపల్ని సరస్సులో వదిలేసి చేతులు దులుపుకున్నాడు. అవి పెరిగి, పిల్లల్ని పెట్టి, కంటికి కనిపించిందల్లా మింగాయి. వెండిచేప చివరిసారి వలలో ఎప్పుడు పడిందో ఎవరికీ గుర్తు లేదు. పొగగది చల్లారిపోయింది. అయినా అత్త ఆ ఖాళీ కొక్కేల్ని తుప్పు పట్టకుండా తోముతూనే ఉండేది. ఎందుకత్తా అంటే ఒంటికాలి మీద లేచేది.

ఇక మామయ్య. గాలం సరదా ఉన్నవాళ్ళను పడవలో సరస్సు మీదికి తీసుకెళ్ళడం ఆయన పని. వాళ్ళకు కావలసింది పళ్ళచేపే. పట్టుకోవాలి, ఎత్తుకుని ఫొటో దిగాలి, మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. చేపకు దెబ్బ తగలకుండా వదలడంలో మామయ్యది అందెవేసిన చెయ్యి. అలా ఒకే ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. భోజనాల బల్ల దగ్గర ఉప్పు కావాలన్నా నాతో చెప్పించుకునేవారు. నేను వెళ్ళని రోజుల్లో ఇద్దరూ చప్పిడి కూడే తిని ఉంటారు.

చివరికి పళ్ళచేపల సంగతి తేల్చడానికి సరస్సు సంఘం హాల్లో సభ పెట్టారు. అక్కడ ఒక పాత తెడ్డు ఉంటుంది. అది చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు మెదపకూడదు. పెళ్ళయ్యాక మామయ్య ఒక మాట మొదలుపెట్టి పూర్తిచేయగలిగింది ఆ హాల్లోనే.

తెడ్డు ముందు చేపల నిపుణురాలి చేతికి వెళ్ళింది. సరస్సులో ఇంక వేరే చేపలేవీ మిగల్లేదు కాబట్టి మందు కలిపి పళ్ళచేపలన్నిటినీ చంపేయవచ్చని, నీళ్ళు తేరుకున్నాక కొండమీది చెరువు నుంచి వెండిచేప పిల్లల్ని తెచ్చి వదలవచ్చని ఆవిడ వివరంగా చెప్పింది. తర్వాత అత్త లేచింది. పొగగది మళ్ళీ వెలగాలంటే తనకు ఇదొక్కటే దారి అంది.

మామయ్య తన వంతు రాగానే పెద్ద నీళ్ళ తొట్టె ఒకటి లోపలికి తోసుకొచ్చాడు. అందులో ఆయన ముద్దుగా మహారాణి అని పిలుచుకునే పళ్ళచేప ఉంది. ఎన్నోసార్లు పట్టి వదిలిన చేప. ఇంత అందాన్ని కళ్ళారా చూస్తే ఎవరి మనసైనా కరుగుతుందని ఆయన లెక్క. చంపాలా వద్దా అని తేల్చే సభకు ఆ చేపనే ప్రాణాలతో వెంటబెట్టుకొచ్చే మనిషి మా మామయ్య తప్ప ఇంకొకడు ఉండడు.

జనం తొట్టె చుట్టూ మూగారు. మహారాణి బెదిరిపోయింది. ఒక్క కుదుపు కుదిపి, తిన్నదంతా కక్కేసింది.

అందరూ ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. అత్త మాత్రం ముందుకు వంగింది. మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, దోసిలి పైకెత్తింది. అందులో వెండిచేపలు. నాలుగైదు చచ్చినవి, ఒకటి మాత్రం ఇంకా తోక ఆడిస్తోంది.

అత్త తెడ్డు సంగతే మర్చిపోయింది. "మందు వద్దు," అంది. "ఇవి ఉన్నాయి. ఇంకా ఉన్నాయి. మందు కలిపితే ఇవీ చస్తాయి."

నిపుణురాలు ఆ దోసిలిలోకి చూసి చిన్నపిల్లలా నవ్వింది. ఇవి మిగిలి ఉంటే మందు మాటే ఎత్తనని, పళ్ళచేపల్ని వలలతో, గాలాలతో ఏరేయాల్సిందేనని, అది ఓపిక పట్టాల్సిన పనని చెప్పింది. అందరి చూపూ మామయ్య మీదికి తిరిగింది. పట్టినదాన్ని పట్టినట్టే వదిలేస్తుంటే ఎవరి ఓపిక మాత్రం ఏం చేస్తుంది.

మామయ్య తొట్టె అంచు మీద చెయ్యి వేశాడు. "నా పడవ ఎక్కినవాళ్ళెవరూ ఇంక పళ్ళచేపను వదలరు," అన్నాడు. తర్వాత అత్త వైపు తిరిగి, "పట్టినవి నీ పొగగదికి పనికొస్తాయా?" అని అడిగాడు. నా మధ్యవర్తిత్వం లేకుండా వాళ్ళు మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో.

"తెచ్చి చూడండి," అంది అత్త.

ఆ సాయంత్రమే మహారాణి ముక్కలై కొక్కేలకెక్కింది. పొగగొట్టం పొగలు కక్కుతుంటే వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. మేం ముగ్గురం బతికిన వెండిచేపను గిన్నెలో పెట్టుకుని పడవ ఎక్కాం. నాచు దట్టంగా ఉన్న చోట మామయ్య పడవ ఆపాడు. అత్త గిన్నె వంచబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అలా పారబోయకూడదే. చెయ్యి తడిపి, నీళ్ళలోనే పట్టుకో. నొక్కకు. ఊపిరి కూడదీసుకుని దానంతటదే వెళ్తుంది."

అత్త బుద్ధిగా అలాగే చేసింది. ఆమె అరచేతి కింద ఆయన అరచెయ్యి ఉంది. ఒడ్డు నుంచి పొగ వాసన వస్తోంది. చేప కాసేపు కదలకుండా ఉండి, ఒక్కసారిగా నాచులోకి దూరిపోయింది. ఆ తర్వాత కూడా వాళ్ళిద్దరూ చేతులు నీళ్ళలోంచి తియ్యలేదు.