మేలుమలై ఎక్కుడులో మా వియ్యంకుడి అరచెయ్యి

మా వియ్యంకుడు పోయాడు. కావేరిపట్టణంలో తన పిండి మిల్లులో మధ్యాహ్నం మోటారు ఆపి, క్యారియరు విప్పి అన్నం తిని, గోడకు చేరగిలబడినవాడు మళ్లీ లేవలేదు. అందరూ మంచి చావు అన్నారు. మంచిదే కావచ్చు. కానీ నాకు ఆయన మీద ఏళ్లుగా ఒక కోపం ఉంది. అది తీరకుండానే పోయాడు. పోయినవాళ్ల గురించి పత్రికకు చెప్పి రాయించేటప్పుడు మంచితో మొదలుపెట్టాలంటారు. నాకు అది చేతకాదు. కోపంతోనే మొదలుపెడతాను. మంచి ఉంటే అందులోంచే వస్తుంది.

గొడవ పెట్రోలు గురించి.

నా కొడుకూ కోడలూ ఒక పాత కారు కొన్నారు. కోడలంటే ఆయన కూతురే. టర్బో ఉన్న పెట్రోలు బండి. బెంగుళూరులో ఎవరో నడిపి వదిలేసినదాన్ని హోసూరులో ఒక బ్రోకరు చూపించాడు. చూడటానికి వియ్యంకులం ఇద్దరం వెళ్లాం. నేను కింద దూరి చాసీ చూశాను, టైర్లు చూశాను. జీవితమంతా లారీ తోలినవాణ్ణి, నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన మాత్రం బానెట్టు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. జ్వరం చూస్తున్నాడా అని బ్రోకరు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆయన పద్ధతే అది. మిల్లు హోరులో నిలబడీ నిలబడీ ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. అందుకని చేత్తో వినేవాడు. పిండి మిషను తొట్టి మీద అరచెయ్యి ఆనించి, లోపల రాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయా, సందు సరిగ్గా ఉందా చెప్పేవాడు. ఆడవాళ్లు రాగుల గంప దించగానే బియ్యానికి పెట్టిన సందు మార్చేవాడు. ఎవరైనా తొందరపెడితే ఒకటే మాట: "బియ్యానికి పెట్టిన సందులో రాగులు పొయ్యొద్దమ్మా. రాయీ చెడుతుంది, పిండీ చెడుతుంది."

ఇక కారు. పెట్రోలు పోసే చోట మూత లోపల ఒక కాగితం అంటించి ఉంది. నాకు అక్షరాలైతే కూడబలుక్కోవాలి. అంకెలు మాత్రం గడగడా చదువుతాను, కిలోమీటరు రాళ్లు నేర్పిన చదువు. తొంభై ఒకటి అని ఉంది. బంకులో పోసే మామూలు పెట్రోలు అదే. తయారుచేసినవాడే చాలు అన్నాక పక్క పంపులో ఉన్న తొంభై ఐదు ఎందుకు? ఖరీదైనది పోసినంత మాత్రాన బండికి కొమ్ములు మొలవవు. ఇది నా మాట.

ఆయన ఒప్పుకోలేదు. హోసూరులో మా ఇంటికి వచ్చినప్పుడల్లా కూతుర్ని వెంటబెట్టుకుని మూకండపల్లి బంకుకు వెళ్లి తొంభై ఐదు పోయించేవాడు. నేను వెళ్తే తొంభై ఒకటి. మా ఇద్దరి గొడవా ఆ ట్యాంకులో ఎప్పుడూ కలిసే ఉండేది.

ఒకసారి ఇద్దరం ఒకేసారి దొరికిపోయాం. బంకులో పెట్రోలు పట్టే అమ్మాయి ఏది పొయ్యాలని అడిగింది. నేను ఒకటి చెప్పాను, ఆయన ఒకటి చెప్పాడు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. అప్పుడు ఆయన, చెవిటివాడు కదా, బంకంతా వినబడేలా అన్నాడు: "ఆయన మాట వినొద్దమ్మా. మా బావకు చెవులుండేది బీడీ దోపుకొనేదానికే."

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. అప్పుడు నా చెవి మీద బీడీ ఉన్న మాట నిజమే. కానీ లోడుతో వెళ్తున్న లారీ టైరులో మేకు దిగితే క్యాబిన్లో కూర్చుని చెప్పినవాణ్ణి నేను. నన్నా ఆ మాట అనేది, అదీ ఒక చెవిటివాడు! ఆ రోజు నుంచి బీడీ జేబులో పెట్టుకుంటున్నాను. ఆయనతో ఆ కారులో వెళ్లాల్సి వస్తే వెనక సీట్లో కూర్చునేవాణ్ణి.

ముందు సీటు ఆయనది. కావేరిపట్టణం నుంచి హోసూరుకు వచ్చేటప్పుడు, కృష్ణగిరి దాటాక మేలుమలై కొండ ఎక్కుడు వస్తుంది. అక్కడికి రాగానే ఆయన ఏసీ ఆపించి అద్దాలు దించేసేవాడు. ముందున్న నల్లటి డాష్‌బోర్డు మీద అరచెయ్యి బోర్లించేవాడు. ఆ చేతిగీతల్లో పిండి ఎన్ని కడుగుళ్లకూ పోలేదు. చెయ్యి తీస్తే అచ్చు తెల్లగా పడేది. ఆయన ఊరికి వెళ్లాక నేను గుడ్డతో తుడిచేవాణ్ణి. మళ్లీ వచ్చి మళ్లీ అచ్చు వేసేవాడు.

చెయ్యి పెట్టి ఊరుకోడు. వెనక్కి తిరిగి అరుస్తాడు. "ఇదో, తట్టతా ఉంది! తొంభై ఒకటి పోసినావు కదా, తట్టతా ఉంది చూడు బావా!"

"ఇంజనన్నాక తట్టకుండా ఉంటుందా?" అనేవాణ్ణి. లారీ ఇంజనుకు తట్టుడే మాట. అది డీజిలు. తట్టకపోతే చచ్చిందని అర్థం. అన్నేళ్లు ఆ చప్పుడులో బతికినవాణ్ణి, పెట్రోలు ఇంజను తడితే రోగమని ఎట్లా అనుకుంటాను?

"మూత కాడ తొంభై ఒకటని రాసుంది" అన్నాను ఒకసారి. చెవి దగ్గరికి వంగి చెప్పాను, వినబడలేదనే సాకు ఉండకూడదని.

ఆయన అరవలేదు ఆ రోజు. "అది పుట్టినప్పటి మాట బావా," అన్నాడు. "పుట్టినాక నడమధ్యలో దీన్ని ఎవురేం చేసినారో మూతకేం తెలుసు?"

నాకు అది మొండివాడి మాటలాగే తోచింది. ఎవరేం చేశారని అడిగితే చెప్పలేడు. చెయ్యి చెప్పింది అంటాడు. అంకె ముందు చెయ్యి నిలుస్తుందా?

ఆయన్ను కాటికి సాగనంపి తిరిగి వస్తున్న రోజు కోడలే నడిపింది. నా కొడుకు వెనక బంధువులతో ఇరుక్కుని కూర్చున్నాడు. ముందు సీటు నాకిచ్చారు. బండి నిండా మనుషులు. ట్యాంకులో ఉన్నది నేను పోయించిన తొంభై ఒకటే. మేలుమలై మొదలవగానే ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే ఏసీ ఆపి అద్దాలు దించింది.

అప్పుడు వినిపించింది నాకు. రేకు డబ్బాలో గుప్పెడు జొన్నలు వేసి కదిపినట్టు సన్నగా, కొండ పొడుగునా. నా చెవులకు ఏమీ కాలేదు, అవి ఎప్పుడూ బాగానే ఉన్నాయి. ఆ ఎక్కుడులో ఆయన ఉన్నన్నాళ్లూ నాకు ఇంజను వినే వీలే లేదు, అంతే. వినబడిందా బావా, వినబడిందా బావా అని ఆయనే నా మొహం మీద అరిచేవాడు. ఆ అరుపులో ఏం వినబడుతుంది? ఆ రోజు అరిచేవాడు లేడు.

కోడలు నా వైపు చూసింది.

తర్వాత బండిని మెకానిక్కు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అతను కంప్యూటరు తగిలించి చూశాడు. ఇంజనును నడిపే లెక్కలు కంపెనీ పెట్టినవి కావని, లాగుడు పెరగడానికి ఎవరో మార్పించారని చెప్పాడు. టర్బో గాలిని కుక్కి లోపలికి తోస్తుందట. పెట్రోలు ఆ నొక్కుడు ఓర్చుకోలేకపోతే వేళ కాకముందే తనంతట తనే అంటుకుంటుంది, అదే తట్టుడు. ఎంత నొక్కుడు ఓర్చుకుంటుందో చెప్పే అంకే ఆక్టేను. మార్చని బండి అయితే మూత మీద అంకె చాలు, అంతకు మించి పోసినా ఒరిగేది పెద్దగా ఉండదు. మార్చిన బండికి మాత్రం ఆ మార్చినవాడు ఏ అంకెకు మార్చాడో అదే లెక్క. తొంభై ఐదా, ఇంకా పైదా? అది మార్చినవాడే చెప్పాలి, నేను చెప్పలేను అన్నాడు. కొండల్లో ఇట్లాగే తట్టనిస్తే ఒక రోజు పిస్టను పోతుందనీ అన్నాడు.

నేను అంకె తప్పు చదవలేదు. ఇది మాత్రం రాసుకోండి. మూత మీద ఉన్నది తొంభై ఒకటే. కానీ నా కోడలు "మామా, ఇప్పుడు ఏది పొయ్యల్ల?" అని అడిగితే, తాళంచెవి ఇమ్మన్నాను.

తెలిసేవరకు పైదే పోయిద్దామని నేనే బంకుకు వెళ్లాను. ఓడిపోయి కాదు. ఆ అమ్మాయి నన్ను చూడగానే మామూలు పంపు అందుకుంది. వద్దు, తొంభై ఐదు పొయ్యి అన్నాను.

"ఏం తాతా, మారిపోయినారే," అని నవ్వింది. ముందు సీటు వైపు చూసింది. "ఆ అరిచే తాత రాలేదా?"

రాలేదమ్మా అన్నాను. ఎందుకని అడగకముందే మూత బిగించి వచ్చేశాను.

ఈ పత్రిక హోసూరులో చాలామంది చదువుతారు. ఆ కారు అమ్మిన బ్రోకరూ చదువుతాడు, చదవకపోతే చదివించేవాళ్లు ఉన్నారు. అతనికి రెండుసార్లు ఫోను చేశాను. గుర్తులేదు అన్నాడు. అందుకే అందరి ముందు అడుగుతున్నాను. అయ్యా, బెంగుళూరాయన ఆ బండిని ఎవరి చేత మార్పించాడు? ఏ పెట్రోలుకు మార్పించాడు? నీకు తెలియకపోతే ఆయన్ని అడిగి చెప్పు. చెయ్యి పెట్టి చూసినవాణ్ణి చూసి ఆ రోజు నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను, కాబట్టి నిన్ను తిట్టను. జవాబు మాత్రం కావాలి.

వచ్చే ఆదివారం ఆయన నెల మాసికం. పొద్దున్నే కావేరిపట్టణం వెళ్లి, సాయంత్రానికి అందరం ఆ బండిలోనే కొండ ఎక్కి రావాలి. కాబట్టి శనివారం దీపాలు పెట్టే వేళలోగా చెప్పు. డాష్‌బోర్డు మీద ఆయన చివరిసారి వేసిన అచ్చు ఇంకా ఉంది. ఈసారి నేను గుడ్డ పట్టలేదు, ఎవర్నీ పట్టనివ్వలేదు. ఎండకు వేళ్లు చెరిగిపోయాయి, అరచెయ్యి మాత్రం మిగిలింది. ఆదివారం మేలుమలై దగ్గర అద్దాలు దిగాక, దాని పక్కన నా చెయ్యి పెడతాను. చేతి కింద ఇంజను తట్టకూడదు.