లేబుల్ మీది తెల్ల కాగితం

మలేషియాలోని క్లాంగ్‌లో ఆదివారం సాయంత్రాలు పాత అమెరికన్ సోల్ పాటలు వేసే డీజేని మేమంతా మావా అని పిలిచేవాళ్లం. ఆయన పాట మొదట విడుదలైనప్పటి అసలు రికార్డులే వేసేవాడు, కాపీలు ముట్టేవాడు కాదు. పాట పేరు తోటి డీజేలకు తెలియకుండా ప్రతి రికార్డు నడుమ ఉండే లేబుల్ మీదా తెల్ల కాగితం అంటించేవాడు.

నేనూ డీజేనే. ఆయన చోటు మీద నాకు ఆశ ఉండేది. ఒకరోజు అందరి ముందూ, ఇక్కడి మాటల చివర వచ్చే 'లా' తగిలించి అడిగాను.

"కాగితం కింద ఏటి దాసినావు మావా? కాపీయే గదా లా!"

"నువ్వే సూసి సెప్పు, అల్లుడూ" అంటూ ఆయన కాగితం పీకాడు. దాంతోపాటే లేబుల్ చిరిగిపోయింది. రికార్డు నా చేతికిచ్చాడు. అసలు రికార్డుకు మాత్రమే ఉండే నంబరు లోపలి అంచున చెక్కి ఉంది. నాకు స్పష్టంగా కనిపించింది.

"కాపీయే" అన్నాను. అందరూ నవ్వారు. మావ మళ్లీ రాలేదు.

ఆయన చనిపోయాక వాళ్లమ్మాయి దగ్గర నిజం ఒప్పుకున్నాను.

"అది అసలుదేనని మీకు తెలుసని నాన్న ఆ రోజే సెప్పినాడు, అంకుల్" అంది.