పైడమ్మ గొంతు వెనక్కి వెళ్ళిన రోజు

సోల్డరింగ్ ఇనుము వేడెక్కి గుగ్గిలం పొగ ముక్కుకు తగిలిందంటే చాలు, తవిటినాయుడు గారు నా వెనకే నిలబడ్డట్టు ఉంటుంది. పలాసలో పొద్దున్నే జీడిపప్పు బట్టీల కమురు వీధంతా కమ్మేస్తుంది కదా, ఆ వాసనలో ఈ పొగ కూడా కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఈ ఉదయం కూడా అంతే. పాత స్పీకరు పెట్టె విప్పి, కాలిన తీగ కత్తిరిస్తూ, ఎవరూ లేని గదిలో "వత్తన్నాను మావయ్యా" అనేశాను. నాకే నవ్వొచ్చింది.

ఆయన్ని చూడని వాళ్లకు ఎలా చెప్పాలి? ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్న ఇంటి మనిషి. అన్నదమ్ములు రాజకీయాల్లో తిరుగుతుంటే ఈయన పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో స్పీకరు పెట్టెలు కట్టే దుకాణం పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా పెట్టెలో తల దూర్చేవాడు. గొప్పలు చెప్పుకోవడంలో ఎవరికీ తీసిపోడు. "నా సెవి ముందు మీ మీటర్లేటి" అనేవాడు. నిజంగానే ఆ చెవి ముందు మీటర్లు నిలిచేవి కావు. టెక్కలిలో చదువు ముగించుకుని ఉద్యోగానికి వచ్చిన నేను మొదటివారమే ఆ గొప్పలకు లొంగిపోయి, ఆయన్ని మావయ్యా అనడం మొదలుపెట్టాను.

అందరూ పాటలు పెట్టి స్పీకర్లు పరీక్షిస్తారు. ఆయన బారువ సముద్రపు ఒడ్డున ఎండుచేపల బేరం పెట్టేవాడు. తనే మైకులు పట్టుకెళ్లి రికార్డు చేసుకొచ్చాడట. ఎడమ పక్క అమ్మే పైడమ్మ, కుడి పక్క కొనే ఎర్రమ్మ, మధ్యలో అలలు, కాకులు. ఇద్దరూ ఒక గంప కోసం గొంతు చించుకుంటూ ఉంటారు.

"పాటయితే తప్పు దాసేత్తాదే అమ్మీ. బేరం దాసదు. పైడమ్మ నీ ముందుకొచ్చి తిట్టాల. అప్పుడే ఈ పెట్టి బాగున్నట్టు" అని చెప్పాడు ఆ మొదటివారంలోనే. ఆ తిట్లు విని విని నాకూ కంఠతా వచ్చేశాయి. ఇంకో మాట కూడా రోజూ అనేవాడు: "ఒకేపాలి రెండు మార్సకు. ఒకటి మార్సు, కూకో, విను." చేతిలో నాలుగు కొత్త భాగాలున్నా ఒకటి వేసి ఆగడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఒకసారి మందస నుంచి కోదండరావు గారు తన జత పెట్టెలు తెచ్చారు. తవిటినాయుడు గారే ఏనాడో కట్టిచ్చినవి. లోపలి క్రాసోవర్, అంటే మోటు శబ్దాన్ని పెద్ద స్పీకరుకీ సన్న శబ్దాన్ని చిన్నదానికీ పంచే చిన్న పలక, దానికి మంచి కెపాసిటర్లు, కాయిళ్లు కొత్తవి వేయమన్నారు. వేశాం. బేరం పెట్టాం. నాకు బ్రహ్మాండంగా వినబడింది. కోదండరావు గారైతే కుర్చీలో ముందుకు జరిగిపోయారు.

మావయ్య మాత్రం మొహం ముడుచుకున్నాడు. "పైడమ్మ ఎనక్కెలిపోనాది."

"బాగానే ఉంది కదా మావయ్యా?"

"ఏటి బాగుంది? నీకు సెవులున్నాయా? గోనిసంచి కప్పినట్టుంటేను!"

పెట్టెలు ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. తన చేతి పని మీద తనకే అనుమానం వస్తే ఆయనకు అన్నం సహించేది కాదు. మర్నాడు ఎడమ పెట్టెలో కొత్త భాగాలు ఒక్కొక్కటే తీసి పాతవి పెట్టాడు. పైడమ్మ కదల్లేదు. తీసేటప్పుడు వేడికి పాతవే చెడ్డాయని వాటిని తిట్టాడు. తీగల ప్లస్సు మైనస్సులు తారుమారయ్యాయేమో చూశాడు. కాలేదు. అప్పుడు ఎడమ పెట్టెను కుడికీ కుడిదాన్ని ఎడమకీ మార్పించాడు. తప్పు పెట్టెదైతే పెట్టెతో పాటే కుడివైపుకు పోవాలి. పోలేదు, ఎడమవైపే ఉండిపోయింది. ఆంప్లిఫయరు మార్చాం. అదీ కాదు.

ఇంక మిగిలిందేమిటని అడిగాను. ఆయన గదిని ఒకసారి కలయజూసి, లేచి, తను కూర్చున్న కుర్చీని గోడవైపు తిప్పాడు. పెట్టెలకు వీపు పెట్టి కూర్చుని, "పెట్టు" అన్నాడు.

పెట్టాను. పైడమ్మ తిట్టడం మొదలుపెట్టింది. ఆయన వీపు బిగుసుకోవడం నాకు కనబడింది. కాసేపటికి చెయ్యెత్తి ఆపమన్నాడు.

"పైడమ్మ బాగుందే అమ్మీ. ఇప్పుడు ఎర్రమ్మ ఎలిపోనాది."

నాకు వెంటనే తట్టలేదు. పైడమ్మ ఇప్పుడు ఆయన కుడిచెవి వైపు ఉంది. తప్పు ఆయనతో పాటే తిరిగింది. కొంతకాలంగా ఫోను ఎడమచెవి దగ్గర పెట్టుకోవడం ఆయన మానేసిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ నమ్మింది ఆ చెవినే కదా! ఆ సంగతి బయటికి పొక్కితే దుకాణానికి ఎవరొస్తారు? గదిలో ఉన్నది మేమిద్దరమే. ఆయన ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్ని.

ఆయన ఊరుకోలేదు. కొత్త భాగాలు తిరిగి వేయించి, మర్నాడు కోదండరావు గారిని పిలిపించి, వాకిట్లో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉండగానే చెప్పేశాడు.

"బావా, నీ పెట్టి బంగారం. పోయింది నా సెవి. ఎడంది. పట్టుకెలిపో."

"మరి ఇకమీద ఎవరు వింటారు నాయుడూ?" అన్నారు కోదండరావు గారు.

మావయ్య నవ్వి, ఆ కుర్చీని మళ్లీ పెట్టెలవైపు తిప్పి నన్ను కూర్చోమన్నాడు. నేను కుర్చీ వెనకే నిలబడ్డాను. "కూకోయే, కరవదు" అన్నాడు. ఆరోజు నుంచి కూర్చోవడం నా పని, పక్కన నిలబడి అడగడం ఆయన పని అయ్యింది. "పైడమ్మ ఎక్కడుంది?" అంటే నేను చెప్పేదాన్ని. నేను చెప్పినదాన్ని ఒక్కనాడు కూడా కాదనలేదు. శ్రీకాకుళంలో డాక్టరు, చెవి నరం బలహీనపడింది, వినికిడి తిరిగి రాదన్నాడని కూడా వచ్చినవాళ్లందరికీ తనే చెప్పుకున్నాడు. దుకాణం మూతపడలేదు. అంత నిజం చెప్పే మనిషి ఇచ్చిన పెట్టెలో మోసం ఉండదనుకున్నారో ఏమో, ఇంకా దూరం నుంచి రావడం మొదలుపెట్టారు.

ఆయన పోయాక దుకాణం నా చేతికి వచ్చింది. కొత్త భాగాలు వేశాక శబ్దం మారిందని నాకు అనిపించినప్పుడల్లా స్క్రూడ్రైవరు ముట్టుకోకముందే కుర్చీ తిప్పి వింటాను. ఇంతవరకూ తప్పు పెట్టెలోనే దొరుకుతోంది. ఏదో ఒకరోజు అది నాతో పాటే తిరుగుతుంది. ఆరోజు వాకిట్లో ఉన్నవాళ్లను లోపలికి పిలిచి, నవ్వుతూ చెప్పగలనా? భయంగానే ఉంది. అయినా ప్రతిసారీ కుర్చీ తిప్పుతూనే ఉన్నాను.