బండికి వేడి చేసిన ఎండాకాలం

ఆ రోజుల్లో నాతో మాట్లాడే మనిషి ఒకరు దొరికితే సాలు, నాకు ఆ పొద్దు పండగే. మదనపల్లె మార్కెట్టులో టమోటా పెట్టెలు ఎక్కించుకుని పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఒక ముసలి లారీని తోలేవాణ్ణి. క్లీనరు లేడు. (ఓనరు లెక్కలో డ్రైవరూ నేనే, క్లీనరూ నేనే. టైరు పంచరైతే నన్ను నేనే తిట్టుకోవాల.) పక్క సీట్లో నీళ్ల క్యాను ఉండేది. "సూసినావా, వాడెట్లా అడ్డం వస్తాండాడో" అని దాంతోనే మాట్లాడేవాణ్ణి. అది గతుకులకు బుడబుడమని ఏదో ఒకటి అనేది. కొత్తగా పెండ్లయినా ఇదే బతుకు. మా ఆమె కుప్పంలో ఆస్పత్రి నర్సు, వాళ్లమ్మ దగ్గర ఉండేది. నేను మదనపల్లెలో అద్దె గదిలో ఉండేవాణ్ణి.

ఆ లారీని ఓనరు ఏదో చలి ఊర్లోంచి కొన్నాడు. ఏసీ, హీటరు రెండూ ఉండే బండి అని గొప్పలు. ఏసీ ఎప్పుడో సచ్చింది. హీటరు మాత్రం సావలేదు, ఆపినా ఆగేది కాదు. మా ఆమెకు ఎట్లనో నాలుగు రోజులు సెలవు దొరికింది. "ఈసారి నీతోనే లారీలో మదనపల్లెకు వస్తా. కానీ ఆ పొయ్యిలో నేను కూసోను, ముందు ఏసీ బాగు చేయించు" అనింది. అప్పుడు రాకపోతే మళ్లీ సెలవు ఎప్పుడో ఆ దేవుడికే తెలియాల. "శానా వేడి మే, కాళ్లు కాలిపోతాండాయి" అని నేను ఫోన్లో మొత్తుకుంటే, సిగ్నలు తెగుతా తెగుతా "వేడి చేసిందా?" అని వినపడింది. "చేసింది, బాగా చేసింది" అన్నాను. నేను చెప్పింది బండి సంగతి.

పుంగనూరులో ఒక మెకానిక్కు ఉండేవాడు. అందరూ ఆయన్ని గ్యాసప్ప అనేవాళ్లు. ఏ బండి ఏ జబ్బుతో వచ్చినా "గ్యాస్ పోయుండాదప్పా" అనేవాడు. (ఎవరిదో హారన్ మోగకపోయినా అదే మాట అన్నాడంట.) గ్యాస్ నింపినాడు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు చల్లగాలి, వేడెక్కినాక మళ్లీ పొయ్యి. వెనక్కి తిప్పుకొస్తే మళ్లీ గ్యాస్ అన్నాడు. ఆడ కుప్పంలో ఆమె బ్యాగు సర్దుకుని కూసోనుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "నీ గ్యాస్ నువ్వే తాగప్పా!" అని బానెట్లోకి వంగి చెయ్యి ఆనిచ్చినాను, సుర్రుమనింది. ఇంజన్లోంచి హీటరుకు వేడినీళ్లు మోసే రబ్బరు పైపు అది. దాని కుళాయి తెరుచుకున్నట్టే ఇరుక్కునుంది. "ఇదేనప్పా, నేను అప్పుడే అనుకుంటి" అన్నాడు గ్యాసప్ప. నీళ్లు హీటరులోకి పోకుండా పైపును బయటబయటే కలిపి క్లిప్పు బిగించినాడు. గాలి వచ్చే దారి విప్పితే గుప్పెళ్లకు గుప్పెళ్లు సెనక్కాయ పొట్టు. (తిన్నవాడు ఎవరో చెప్పాల్నా?) ఏసీ పెడితే పండ్లు కటకటలాడినాయి.

అద్దాలు పైకెత్తి బయలుదేరితిని. అంతవరకూ ఆ కిటికీల్లోంచి ఎంత లోకం లోపలికి వచ్చేదో నాకు తెలీదు. బైరెడ్డిపల్లె దాటేదాకా నా ఊపిరి నాకే వినపడతాంటే, మనసు దిగులుదిగులుగా అయిపోయింది.

పెట్టెలు దించి అత్తగారింటికి పోతే, వాకిట్లోనే పీట. "రాప్పా అల్లుడా, వేడి చేసి ఎట్ల పీక్కపోయినావో!" అని మా అత్త గిన్నెడు ఆముదం నడినెత్తిన పోసి తపతపా కొట్టింది. "నాకు కాదత్తా, బండికి!" అన్నాను. "బండికి చేసినప్పుడు లోపలుండేవాడికి చెయ్యదా?" అనింది. చెంబెడు బార్లీ నీళ్లు కూడా తాగించినాకే వదిలింది.

ఆ ఆముదం తలతోనే, మా ఆమెకు గొప్ప చూపించల్లని ఏసీ గట్టిగా పెట్టినాను. పలమనేరుకు తుమ్ములు, పుంగనూరుకు గొంతు పూర్తిగా పడిపోయింది. అన్నాళ్లూ దాచిపెట్టుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయినాయి. "ఏమబ్బా, ఉలకవు పలకవు? నేను రావడం ఇష్టం లేదా?" అనింది. నోరు తెరిస్తే గుసగుస తప్ప ఏమీ రాలేదు. ఆమెకు అర్థమై, కండ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తనే ఏసీ ఆపి, అద్దం దించి, క్యానును ఒళ్లో పెట్టుకుని, మదనపల్లె దాకా వార్డు కతలన్నీ చెప్పింది. నేను తల ఊపుతా తోలినాను. అంత మంచి ప్రయాణం నేను మళ్లీ చెయ్యలేదు.

ఇప్పుడు కొత్త లారీ, ఏసీ గడగడా వణికిస్తాది. పిలకాయల సదువులు, ఆమె ఉద్యోగం కుప్పంలోనే. నేను రోడ్డు మీదనే. పక్క సీట్లో మళ్లీ నీళ్ల క్యానే. మరీ తట్టుకోలేనప్పుడు బండి పక్కకు ఆపి ఫోన్ చేస్తాను. "మే, వేడి చేసింది" అంటాను. బండికా నీకా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. "రా, ఆముదం పెడతా" అని ఫోన్ పెట్టేస్తాది, వార్డులో పని. తలలో చుక్క ఆముదం లేకపోయినా, ఆ మాట వింటానే నాకు ముక్కు కారతాది. జలుబు అనుకోండి.