నూటికి మూడు

నోటీసు బోర్డు చదివిన చెకింగ్ అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పదహారేళ్ళుగా ఆ కుట్టు ఫ్యాక్టరీలో చొక్కాలు తనిఖీ చేసే మనిషి ఆమె. వందేసి చొక్కాలు బల్లమీద పెట్టుకుని, తప్పున్నదానికి ఎర్రదారం ముడివేసి పక్కన పడేస్తుంది. ఆ ముడులు లెక్కపెట్టే మేనేజరు బోర్డు రాస్తాడు. ఈ నెల ఏం రాశాడయ్యా అంటే, "కాలర్ తప్పులు యాభై శాతం పెరిగాయి!" కాలర్లు కుట్టేది అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలామె ఒక్కతే. శనివారంతో ఆమెను తీసేస్తారట.

పెద్దమ్మ మిషన్ మీద తల వాల్చి ఏడుస్తోంది.

"సగం చొక్కాలు పాడుచేశానటే! ఇంట్లో మా అల్లుడూ అదే మాట. నా చేతులు అంత చచ్చుబడ్డాయా?"

"సగమేంటి, నీ మొహం! నూటికి రెండుండేవి, మూడయ్యాయి. అంతే!" అంది అక్క.

"ఊరుకోవే, నీ ఉద్యోగం కూడా ఊడుతుంది" అని పక్క మిషనామె కొంగు లాగింది. అక్క ఊరుకునే రకమా? మేనేజర్ని బోర్డు దగ్గరికే పిలుచుకొచ్చింది.

"రెండు మూడైతే యాభై శాతమే కదమ్మా. లెక్కలో తప్పేముంది?" అన్నాడాయన.

"లెక్క తప్పని ఎవరన్నారు సార్? చదివినోళ్ళంతా సగం పాడయ్యాయనుకుంటున్నారు. గోరంత కొండంతయింది. సరే, దాని కింద ఇదేంటి? సూది గాయాలు రెండు శాతమే పెరిగాయా? నూరుమందిలో ఇద్దరికి దిగేది, ఇప్పుడు నలుగురికి దిగుతోంది. మీ కొలతతోనే కొలవండి, నూరు శాతం కాదూ? సూదికి అడ్డుండే రేకులు ఊడిపోతే వేయించనిది మీరు. మా తప్పుకొక కొలత, మీ తప్పుకొక కొలతా?"

అక్క బోర్డు తుడిచి తనే రాసింది. కాలర్ తప్పులు, నూటికి రెండు నుంచి మూడు. సూది గాయాలు, నూరుమందిలో ఇద్దరి నుంచి నలుగురికి.

మిషన్లన్నీ ఆగాయి. అందరూ వచ్చి చదివారు. చదువు అంతంతమాత్రమైన పెద్దమ్మ కూడా వేలుపెట్టి కూడబలుక్కుని చదివింది. కళ్ళు తుడుచుకుంది. ఏడుపు పోయి ఆమె మొహం కందగడ్డయింది.

"నూటికి ఒక్క చొక్కా ఎక్కువ పాడైందని నన్ను తీసేస్తున్నారే. మరి ఇంకో ఇద్దరి వేళ్ళలో సూది దిగినందుకు ఎవర్ని తీసేస్తున్నారు సార్?"