చంద్రమ్మవ్వ కూడా పాసైంది

మా చిన్నప్పుడు... సాయంత్రం సైరన్ మోగిన కాసేపటికి నాన్న సైకిల్ దిగి, చొక్కా జేబులోంచి గేట్ పాస్ తీసి దేవుడి గూట్లో పెట్టేవారు. కుంకుమ భరిణె పక్కనే! అమ్మ సణిగేది. "అన్నం పెట్టేది అదేనే, అక్కడుంటే తప్పేంటి?" అనేవారు నాన్న.

పాస్... ఆ చిన్న మాట మా ఇంట్లో చెయ్యని పని లేదు. ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళాలంటే పాస్. ఒంట్లో బాగోక మధ్యలో వచ్చేయాలంటే అవుట్ పాస్. పటాన్‌చెరు బడికి వెళ్ళే అన్నయ్యకు బస్ పాస్. ఓవర్‌టైం బిల్లు పాసయిందంటే ఆదివారం కోడికూర. నేను లెక్కల్లో పాసయ్యానంటే గండం గట్టెక్కినట్టే... అమ్మ కొత్త పచ్చడి నూరితే నాన్న వేలితో నాకి, కళ్ళు మూసుకుని కాసేపు ఊరించి "పాస్!" అనేవారు. ఒక్క మాటకు ఇన్ని తలుపులు ఎలా తెరుచుకుంటాయా అని నోరు తెరుచుకుని వినేదాన్ని. అదేదో మంత్రమనే అనుకున్నాను చాలా రోజులు.

నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బీరంగూడలో చంద్రమ్మవ్వ ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. అవ్వకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఒకప్పుడు జొన్న చేను ఉండేదట... అది నాన్న పనిచేసే ఫ్యాక్టరీ గోడ లోపలికి పోయింది. అందుకు ఎవర్నీ తిట్టగా నేను వినలేదు. కానీ ఒక్కటే కోరిక.

"ఒక్కపారి నా చేను సూడాలె సారూ. గోడ అవతల ఏం జేసిన్రో ఏమో... ఒక కంటికి పొర వచ్చె. రెండోది గూడ పోకముందే సూడాలె."

పని లేనివాళ్ళను గేటు దగ్గర నిలబడనిచ్చేవారే కాదు.

ఏడాదికి ఒక్క రోజు, ఆయుధపూజ నాడు మాత్రం, పనివాళ్ళ కుటుంబాలను లోపలికి వదిలేవారు. దానికీ పాసే! భార్యాపిల్లలు, అమ్మానాన్నలు... అంతవరకే. ఆ ఏడు నాన్న తెచ్చిన పాస్ మీద మా అందరి పేర్ల కింద "తల్లి: చంద్రమ్మ" అని ఉంది.

అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "తెలిస్తే ఉద్యోగం ఊడుతుందండీ!"

"తెలిసినప్పుడు చూద్దాంలే" అన్నారు నాన్న. అన్నారే గానీ, ఆ పూట అన్నం సగంలోనే వదిలేశారు.

గేటు దగ్గర మా ఖర్మకొద్దీ వాచ్‌మన్ యాదయ్య ఉన్నాడు. ఆయనది అవ్వ వాళ్ళ ఊరే! పాస్ చదివాడు... అవ్వను చూశాడు... మళ్ళీ పాస్ చదివాడు. నాన్న చొక్కా వీపంతా తడిసిపోయింది.

"పెద్దమ్మా, గీ కొడుకు నీకెప్పుడు పుట్టిండే?"

అవ్వ తడుముకోలేదు. "మా ఇంట్ల కిరాయికి దిగిననాడు పుట్టిండు. ఏందిరా, నీకు జెప్పి కనాల్నా?"

యాదయ్య నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. "పోన్రి పోన్రి... జల్దీ పోన్రి!" అన్నాడు.

ఇక లోపల... ఏం చెప్పను! అంత పెద్ద షెడ్డు నేను కల్లో కూడా చూడలేదు. తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది గానీ కప్పు అంతు చిక్కలేదు. నెత్తిమీద పట్టాలు, వాటి మీద ఇల్లంత క్రేను, దాని కొక్కేనికి బంతిపూల దండ! ప్రతి మిషనుకూ పసుపు, కుంకుమ. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మో... గింత ఇనుము యాడికెల్లి తెచ్చిన్రు బిడ్డా?"

అంతా బాగానే ఉంది... చేను ఏది? ఎటు చూసినా సిమెంటు నేలే. గట్టు లేదు, బావి లేదు. అవ్వ ముఖం చిన్నబోయింది. ఇంతలో పక్కనున్న పెద్ద తలుపులోంచి దూరంగా గుట్ట కనిపించింది. అవ్వ తలుపు దాకా వెళ్ళి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"మా బాయికాడ నిలవడితె గుట్ట గట్లనే గనవడుతుండె..." అంటూ, గుట్ట మీంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడవసాగింది. పడిపోతుందేమోనని అమ్మా నేనూ చెరో పక్క పట్టుకున్నాం. ఇనుము చెక్కే ఒక పెద్ద లేతు మిషను దగ్గర ఆగి, "గిదే" అంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

మిషను నడిపే ఆయన అప్పుడే కొబ్బరికాయ కొట్టాడు. పూజ అయ్యాక మిషనును ఒక్కసారి తిప్పడం ఆనవాయితీ. ఆయన స్విచ్ వేశాడు... నేల సన్నగా అదిరింది. ఆ అదురు నా పాదాల్లోంచి ఒళ్ళంతా పాకింది. అవ్వ రెండు అరచేతులూ నేలకు ఆనించి కళ్ళు మూసుకుంది.

"బీడు పడలేదు బిడ్డా... నా చేను బీడు పడలేదు. ఇంకా పని జేస్తనే ఉంది."

నాన్న కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూసింది అక్కడే. నాకైతే ఏడుపు రాలేదు. గుళ్ళో గర్భగుడి ముందు నిలబడినట్టు అనిపించిందంతే.

ఆ తర్వాత అవ్వ వాడకట్టులో కనిపించిన ప్రతివాళ్ళకూ "నేను గూడ పాసైన" అని గొప్పగా చెప్పుకునేది. ఏ బడిలోనూ చెప్పని అర్థం అది... దాన్ని దిద్దడానికి మా ఇంట్లో ఎవరికీ మనసు రాలేదు.

ఇప్పుడు ఆ దారిన వెళ్తుంటే అన్నీ ఎత్తైన గోడలు, అపార్టుమెంట్లు... ఏ గోడ వెనక ఎవరి చేను ఉండేదో చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మీరు ఇది చదువుతూ కూర్చున్న చోట, మీ కాళ్ళ కింద ఒకప్పుడు ఏం పండేదో... మీకెవరైనా చెప్పారా?