పేరు ముందు రెండక్షరాలు

అబిడ్స్‌లో పెళ్లిపత్రికలు అచ్చువేసే దుకాణంలో ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్నాను. మొదట్లో సీసం అక్షరాలు, తర్వాత కంప్యూటర్. నా చేతి మీదుగా వెళ్లిన పత్రికలో తప్పు దొరకదని గన్‌ఫౌండ్రీ నుంచి చాదర్‌ఘాట్ దాకా పేరు. నిజానికి ఆ పేరు నాది కాదు, మా అక్కది. ఈ మాట ఆమె బతికుండగా ఒక్కరికీ చెప్పలేదు. అంత గొప్పవాణ్ణి నేను.

అక్క నాంపల్లిలో ఒక చిన్న బడిలో తెలుగు చెప్పేది. బడి వదలగానే నడుచుకుంటూ దుకాణానికి వచ్చి, నా పక్క స్టూలు మీద కూర్చుని, చాయ్ తాగుతూ ఆ రోజు ప్రూఫులన్నీ ఎర్ర పెన్నుతో దిద్దేది. మా బావ పోయేనాటికి మేనకోడలికి ఆరేళ్లు. అప్పటినుంచీ ఆ స్టూలే ఆమెకు పుట్టిల్లు.

మాటల దగ్గర ఆమెది మహా చాదస్తం. బడిలో ఏ పిల్లవాడైనా "టీచర్, అది నన్ను కొట్టింది" అన్నాడంటే వాడి పని అయిపోయినట్టే. "అది అంటే ఏంది? బర్రెనా, బల్లనా? ఆ పిల్లకు పేరు లేదా?" అని నిలబెట్టి అడిగేది. బడి ఊడ్చే ఆయమ్మ గురించి కూడా "ఆయమ్మ వచ్చిన్రా?" అనేది. నేను పగలబడి నవ్వేవాణ్ణి.

"ఏందక్కా, చీపురు పట్టినోళ్లకు గూడ వచ్చిన్రు, పోయిన్రు అంటవా?"

"హెడ్‌మాస్టర్ వచ్చిన్రు అంటే నవ్వొస్తలేదు గదా? ఆయమ్మకు అంటే ఎందుకు నవ్వొస్తది? ఆడోళ్లయినా మొగోళ్లయినా ఒక్కటే మాట. మర్యాద అగ్వనే తమ్మీ, పైసలు పెట్టి కొనేది గాదు, జర ఎక్కువ ఇస్తే ఏం పోదు."

ఇప్పుడిది రాస్తూ కూడా 'అక్క వచ్చేది, అనేది' అనే రాస్తున్నాను. 'వచ్చేవారు' అని రాస్తే ఆమె నాకు పరాయి మనిషి అయిపోతుందేమోనని భయం. ఆమె చదివితే ఎర్ర పెన్ను తీసేది, నాకు తెలుసు.

పత్రికల్లో పేర్ల ముందు వేసే అక్షరాల సంగతి ఇక్కడ చెప్పాలి. పెళ్లికొడుక్కి చి., పెళ్లికూతురికి చి.ల.సౌ. తండ్రికి శ్రీ, తల్లికి శ్రీమతి. పోయినవాళ్లకు కీ.శే., అంటే కీర్తిశేషులు. ఇక భర్త పోయిన ఆడమనిషికి గం.భా. గంగాభాగీరథీ సమానురాలు అట! వినడానికి ఎంత పుణ్యంగా ఉంది! పత్రిక చేతికందిన ప్రతివాళ్లకూ, ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా, ఈమెకు మొగుడు లేడని చాటింపు వేయడమే ఆ రెండక్షరాల పని. మరి భార్య పోయిన మగాడికి? ఏమీ లేదు. నిన్నా శ్రీ, ఇవాళా శ్రీ. ఇప్పుడు చాలా ఇళ్లల్లో గం.భా. మానేశారు. కొన్ని ఇళ్లల్లో మాత్రం పెద్దలు పట్టుబడతారు. పట్టుబడితే వేసేవాణ్ణి. అలాంటి ప్రూఫు వచ్చినప్పుడు అక్క పెన్ను ఆ పేరు దగ్గర కాసేపు ఆగేది. తర్వాత కింద సంతకం పెట్టేది.

మేనకోడలి పెళ్లి కుదిరిన రోజు అక్క దుకాణానికి మిఠాయి డబ్బాతో వచ్చింది. స్టూలు మీద కూర్చోకుండా నిలబడే అడిగింది.

"తమ్మీ, నాకు పెళ్లిల చీర వద్దు, ఏం వద్దు. పత్రికల నా పేరు ముంగట ఆ రెండక్షరాలు పెట్టకు. శ్రీమతి గూడ వద్దు. ఉత్త పేరు రాసి గారు పెట్టు, సాలు."

"గంతేనా? గదెంత పని అక్కా!" అన్నాను.

ఆమె చెప్పినట్టే కంపోజ్ చేశాను. మర్నాడు అక్క బట్టల కొనుగోలుకు వెళ్లింది. అదే రోజు పెద్దబావ, అంటే మా బావ వాళ్ల అన్న, చాదర్‌ఘాట్ నుంచి ప్రూఫ్ చూడటానికి వచ్చాడు. కన్యాదానం చేసేది ఆయనా, ఆయన భార్యా. చదివి, కళ్లజోడు తీశాడు.

"ఏందివయ్యా ఇది? మరదలి పేరు ముంగట ఏం లేదేంది?"

"అక్కనే వద్దన్నది బావా."

"వద్దంటే? మా తమ్ముని పేరు ముంగట కీ.శే. ఉన్నది. ఆమెకు ఏం లేకపోతే పిల్లగాని తరపోళ్లు ఏమనుకుంటరు? పద్ధతి తెల్వని ఇల్లు అనుకోరా? రేపు పీటల మీద కూసునేది నేను. గట్లయితే నా పేరు తీసెయ్యి."

ఆయన పేరు తీసేస్తే కన్యాదానానికి ఎవరు కూర్చుంటారు? నేను కూర్చోవచ్చు! మేనమామను, నాకూ భార్య ఉంది! ఈ ఆలోచన నాకు ఆ రోజు రాలేదు, పెళ్లయిన ఆరు నెలలకు వచ్చింది. ఆ రోజు మాత్రం బావా బావా అంటూ కుర్చీ తుడిచాను. పెళ్లి ఆగిపోతుందేమోనని భయపడ్డాను. రెండక్షరాలే కదా అనుకుని వేశాను. పెద్దబావ సంతకం పెట్టాడు. అక్క చూడకుండా మిషనెక్కిన మొదటి ప్రూఫ్ అదే. చూపించడానికి నాకు మొహం చెల్లలేదు.

మూడో రోజు అక్క వచ్చింది. కట్ట విప్పి ఒక పత్రిక తీసి, అలవాటుగా వేలు పెట్టి చదివింది. తన పేరు దగ్గర వేలు ఆగింది. నేను మిషన్ వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటించాను.

"తమ్మీ."

"పెద్దబావ ఊకోలేదక్కా..."

"నాకన్న ఒక మాట జెప్పకపోతివి?"

అరిచినా బాగుండేది, ఒక్కటి పీకినా బాగుండేది. ఆమె పత్రికను మళ్లీ కట్టలో పెట్టి, దారం ముడివేసి, చాయ్ తాగకుండా వెళ్లిపోయింది. తోటి టీచర్లలో ఒక్కరికి కూడా ఆ పత్రిక ఇవ్వలేదట, అందరినీ నోటిమాటతోనే పిలిచిందట. పెళ్లిలో వాళ్లే చెప్పారు. పద్దెనిమిదేళ్లు ఒంటిచేత్తో పెంచిన కూతురి పెళ్లికి పత్రిక పట్టుకుని గడప ఎక్కే సంతోషం ఆమెకు లేకుండా చేసింది నేనే.

ఆ తర్వాత అక్క దుకాణానికి రాలేదు. పండుగలకు మా ఇంటికి వచ్చేది, నవ్వేది, నా భార్యతో కబుర్లు చెప్పేది. దుకాణానికి రమ్మంటే మాత్రం "కండ్లు కనిపిస్తలేవు తమ్మీ" అనేది. బడిలో పరీక్ష పేపర్లు దిద్దడానికి కనిపించే కళ్లే అవి. ఖాళీ స్టూలు చూడలేక దాని మీద కాగితం రీములు పెట్టేశాను. నా పత్రికల్లో తప్పులు పడటం మొదలైంది. ఒకసారి ఏకంగా పెళ్లికొడుకు పేరే మారిపోయి, కట్టలన్నీ వెనక్కి వచ్చాయి.

నాలుగేళ్లకు ఆమె దవాఖానలో పడింది. ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం, మేమిద్దరమే ఉన్నప్పుడు, "అక్కా, ఆ పత్రిక..." అని మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపింది.

"అచ్చయిపోయింది తమ్మీ. ఇగ దిద్దేది ఏముంటది?"

కోపంగా అనలేదు. కానీ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది. రెండు రోజులకు పోయింది.

పెద్దకర్మ పత్రిక నేనే కంపోజ్ చేశాను. వేళ్లు వాటంతటవే అక్క పేరు ముందు కీ.శే. అని కొట్టేశాయి. కింది వరసలో బావ పేరు, దాని ముందూ కీ.శే. స్క్రీన్ మీద వాటిని చూస్తూ ఉండిపోయాను. శ్రీ పక్కన శ్రీమతి అయింది, కీ.శే. పక్కన గం.భా. అయింది. ఆయనకు వేసిందే ఆమెకూ వేయాలంటే ఆమె చచ్చిపోవలసి వచ్చింది. పెద్దబావ ప్రూఫ్ చూసి "మంచిగున్నది" అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

పెద్దబావతో పాటు దుకాణానికి వచ్చిన మేనకోడలు ఆ కాగితం అందుకుంది. సొరుగులో వెతికి ఎర్ర పెన్ను తీసి, తల్లి పేరు ముందున్న అక్షరాల మీద గీత కొట్టింది.

"ఇది గూడ వద్దు మామా. ఉత్త పేరు రాసి గారు పెట్టు. అమ్మ అడిగింది గదే గదా."

పెద్దబావ నోరు తెరిచాడు. ఈసారి ఆయన్ను మాట్లాడనివ్వలేదు. "అది గట్లనే ఉంటది బావా" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, కళ్లజోడు జేబులో పెట్టుకున్నాడు. అంతే.

ఆ రెండక్షరాలు తీసేయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. గదెంత పని అని ఆ రోజు నేనే అన్నాను కదా. నిజంగానే అంతే పని. మిషన్ మీద నుంచి మొదటి కాగితం తీసి, చూడమని అలవాటుగా పక్కకు చాచాను. స్టూలు మీద కాగితం రీములున్నాయి.